చలికాలపు టైర్లు: ఇంట్లో మార్చుకోవాలా, షాపులో మార్పించుకోవాలా? గాలి సెన్సర్లున్న కార్ల యజమానులకు ఒక పోలిక

మిషిగన్, మిన్నెసోటా, అంటారియో, క్యుబెక్ వంటి మంచు ప్రాంతాల్లో కాపురముంటున్న తెలుగువారికి అక్టోబరు వచ్చిందంటే టైర్ల లెక్క మొదలవుతుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోయినప్పుడు వేసవి టైరు రబ్బరు గట్టిపడి రోడ్డును సరిగా పట్టదు కనుక, అక్కడ చలికాలపు టైర్లు చాలా ఇళ్లలో ఏటా తప్పని ఖర్చు. క్యుబెక్‌లోనైతే డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వాటిని వేసుకోవడం చట్టమే. మొదటి మంచు పడిన వారంలో టైరు షాపుల్లో అపాయింట్‌మెంటు దొరకడం గగనమవుతుంది కాబట్టి, ఈ పని ఇంటి గ్యారేజీలో మనమే చేసుకుంటే పోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చేయి పెట్టబోయేసరికి, చక్రం లోపలున్న సెన్సరు పగిలితే ఏమిటి గతి అన్న భయం పట్టుకుంటుంది.

ఆ భయం ఏ పనికి వర్తిస్తుందో, ఏ పనికి వర్తించదో ముందు తేల్చుకోవాలి. టైరు రిమ్ముతో సహా ఉన్న మొత్తం చక్రాన్ని కారు నుంచి ఊడదీసి, అలాగే సిద్ధంగా ఉన్న మరో చక్రాన్ని బిగించేటప్పుడు సెన్సరు జోలికి ఎవరూ పోరు. అది టైరు లోపల, గాలి మధ్యలో, భద్రంగా ఉంటుంది. రిమ్ము నుంచి టైరును విడదీసి, అదే రిమ్ముకు వేరే టైరు ఎక్కించేటప్పుడు మాత్రం ప్రతి అడుగులోనూ సెన్సరుకు గండం ఉంది. కాబట్టి ఏ పరికరం కొనాలన్న ప్రశ్న తరువాత సంగతి. ఈ రెండింటిలో ఏ పని ఇంట్లో చేస్తారు, ఏ పని బయట చేయిస్తారు అన్నదే అసలు నిర్ణయం.

మీ కారులో సెన్సరు ఉందా?

టైరు గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగే ఏర్పాటు అమెరికాలో 2000 సంవత్సరపు చట్టం వల్ల వచ్చింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాల్లో ఫైర్‌స్టోన్ టైర్లు విఫలమై జరిగిన ప్రమాదాల తరువాత ఆ చట్టం చేశారు. దాని కింద వచ్చిన నిబంధన 2005 నుంచి దశలవారీగా అమలై, 2007 సెప్టెంబరు నాటికి అక్కడ అమ్మే తేలికపాటి కొత్త వాహనాలన్నింటికీ తప్పనిసరి అయింది. నిర్దేశించిన గాలి కంటే 25 శాతం తగ్గితే దీపం వెలగాలన్నది అందులోని కొలమానం. కెనడాలో ఇలాంటి నిబంధన లేదు. అక్కడి కార్లలో ఈ ఏర్పాటు కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు.

ఈ ఏర్పాటు రెండు విధాలుగా ఉంటుంది. మొదటి పద్ధతిలో ప్రతి చక్రం లోపల, వాల్వుకు ఆనుకొని, బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఉంటుంది. దానిలో గాలి పీడనాన్ని కొలిచే చిప్పు, చిన్న రేడియో, మార్చడానికి వీలులేకుండా మూసేసిన లిథియం బ్యాటరీ ఉంటాయి. రెండో పద్ధతిలో చక్రంలో ఏమీ ఉండదు. గాలి తగ్గిన టైరు వ్యాసం కొద్దిగా తగ్గి మిగతా వాటికంటే వేగంగా తిరుగుతుంది కనుక, ఏబీఎస్ బ్రేకుల కోసం ముందే ఉన్న వేగ సెన్సర్ల ద్వారా కారు ఆ తేడాను పసిగడుతుంది. గత పదేళ్లలో వచ్చిన హోండా సివిక్, అకార్డ్ మోడళ్లలో చాలావరకు ఈ రెండో పద్ధతివే. టొయోటా, సుబారు, హ్యుందాయ్ కార్లు అమెరికాలో ఎక్కువగా మొదటి పద్ధతిని పాటిస్తాయి.

తెలుసుకోవడం కష్టం కాదు. డ్యాష్‌బోర్డు మీద నాలుగు టైర్ల పీడనం విడివిడిగా అంకెల్లో కనిపిస్తుంటే చక్రాల్లో సెన్సర్లున్నట్టే. వాల్వు లోహంతో చేసినదై, దాని మొదట్లో నట్టు కనిపిస్తే అదీ సెన్సరుకు గుర్తే. అయితే వాల్వు రబ్బరుది కాబట్టి లోపల సెన్సరు లేదని మాత్రం అనుకోవద్దు; రబ్బరు వాల్వుకు స్క్రూతో బిగించే సెన్సర్లు కూడా విరివిగా వాడతారు. అనుమానముంటే కారు మాన్యువల్ చూడండి. మీది రెండో పద్ధతి కారైతే పగలడానికి లోపల ఏమీ లేదు. టైర్లు మార్చి, గాలి సరిచూసి, మెనూలోకి వెళ్లి కాలిబ్రేషన్ మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. అటువంటి వారికి ఈ వ్యాసంలో సెన్సరు కోసం చెప్పిన జాగ్రత్తలు అక్కరలేదు గాని, ఖర్చుల లెక్క, మనిషి భద్రత కోసం చెప్పిన జాగ్రత్తలు వర్తిస్తాయి.

రెండో జత రిమ్ములు కొనడం

చలికాలపు టైర్లను నాలుగు వేరే రిమ్ములకు ఒకసారి షాపులో ఎక్కించి, వాటిలో కూడా సెన్సర్లు పెట్టించి, ఆ పైన ఏటా రెండుసార్లు చక్రాలను మాత్రమే ఇంట్లో మార్చుకోవడం మొదటి మార్గం. చాలామందికి నేను సిఫారసు చేసేది ఇదే. సాదా ఇనుప రిమ్ము ఒక్కొక్కటి సుమారు 70 నుంచి 100 డాలర్లకు, కారు కంపెనీది కాని సెన్సరు 30 నుంచి 60 డాలర్లకు దొరుకుతుంది; అంటే నాలుగింటికి కలిపి 400 నుంచి 640 డాలర్ల పెట్టుబడి. ఒకే జత రిమ్ములకు ఏటా రెండుసార్లు షాపులో టైర్లు మార్పించి బ్యాలెన్సింగ్ (చక్రం వణకకుండా బరువు సరిచేయడం) చేయిస్తే, టైరుకు 20 నుంచి 40 డాలర్ల చొప్పున ఏడాదికి 160 నుంచి 320 డాలర్లవుతుంది. ఊరిని బట్టి ఈ ధరలు మారినా, రెండు మూడు చలికాలాల్లో పెట్టుబడి తిరిగి వస్తుందన్న లెక్క పెద్దగా మారదు. పైగా మాటిమాటికీ విప్పి ఎక్కించడం వల్ల టైరు అంచు దెబ్బతినడం, అల్లాయ్ రిమ్ము గీతలు పడడం, రోడ్డు మీద చల్లే ఉప్పుకు ఆ రిమ్ము పాడవడం, ఇవన్నీ తప్పుతాయి.

ఈ మార్గంలో చిక్కంతా సెన్సర్లను కారుకు పరిచయం చేయడంలో ఉంది. ప్రతి సెన్సరుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది; తనకు తెలిసిన సంఖ్యలనే కారు వింటుంది. కొన్ని కార్లు కొంతదూరం నడిపితే కొత్త సెన్సర్లను తమంతట తామే గుర్తిస్తాయి. జనరల్ మోటార్స్ (జీఎం) కార్లు చాలావాటిలో చిన్న పరికరాన్ని వాల్వు దగ్గర పెట్టి, ముందు ఎడమ, ముందు కుడి, వెనుక కుడి, వెనుక ఎడమ అన్న వరుసలో ఒక్కో సెన్సరునూ మేల్కొల్పితే హారన్ మోగి గుర్తించినట్టు చెబుతుంది. టొయోటా, సుబారు వంటి కార్లలో అనేక మోడళ్లకు స్టీరింగ్ కింద, కారు కంప్యూటరుకు పరికరాలు తగిలించే ఓబీడీ పోర్టు ద్వారా సంఖ్యలు ఎక్కించే పరికరం కావాలి. ఈ మూడో రకం కారు మీదైతే ఒక ఉపాయం ఉంది: వేసవి చక్రాల్లోని సెన్సర్ల సంఖ్యలనే చలికాలపు సెన్సర్లలోకి నకలు చేయించండి. షాపువాళ్లు టైర్లు ఎక్కించే ముందే కొద్ది నిమిషాల్లో ఆ పని చేయగలరు. అప్పుడు ఏ చక్రాలు బిగించినా కారుకు తేడా తెలియదు. ఏటా రెండుసార్లు పరికరం కోసం వెతుక్కునే పనీ ఉండదు. ఇది కాక మరో షరతు, సెన్సరు మీ కారుకు తగిన ఫ్రీక్వెన్సీది కావాలి. 315 మెగాహెర్ట్జ్‌ది, 433 మెగాహెర్ట్జ్‌ది ఒకదానికి బదులు ఒకటి పనిచేయవు. ఇటీవలి టెస్లా కార్లలోనైతే సెన్సర్లు బ్లూటూత్‌తో మాట్లాడతాయి కనుక పాత రేడియో సెన్సర్లు అసలే పనికిరావు.

ఇంట్లో చక్రం మార్చే పనిలో సెన్సరుకు ప్రమాదం లేకపోయినా మనిషికి ఉంది కనుక రెండు మాటలు చెప్పక తప్పదు. జాకీ కారును ఎత్తడానికే. ఎత్తి నిలిపి ఉంచడానికి జాక్ స్టాండ్లు వాడాలి, నేల చదునుగా ఉండాలి, నేల మీద మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టాలి. టెస్లా వంటి విద్యుత్ కార్లకు అడుగున బ్యాటరీ ఉంటుంది కాబట్టి కంపెనీ చూపిన నాలుగు బిందువుల దగ్గర రబ్బరు ప్యాడ్ పెట్టి మాత్రమే ఎత్తాలి. చక్రం ఆనే హబ్బు మీద పట్టిన తుప్పును వైరు బ్రష్‌తో గీకి, నట్లను చేత్తో తిప్పి, నక్షత్రం ఆకారపు వరుసలో, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. టొయోటా కొరోలాకు అది 76 ఫుట్‌పౌండ్లు, హోండా సివిక్‌కు 80. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి రెంచ్ వేసి చూడడం మంచిది.

షాపులోనే మార్పించడం

రెండో జత చక్రాలు దాచుకునే చోటు లేని అపార్ట్‌మెంటు వాసులకు, రెండు మూడేళ్లలో కారు అమ్మేద్దామనుకునేవారికి, లేదా పెద్ద సైజు అల్లాయ్ రిమ్ములకు రెండో జత కొనలేనివారికి ఇదే సరైన దారి. సెన్సరు పగిలితే బాధ్యత ఎవరిదో పని మొదలయ్యే ముందే స్పష్టంగా అడిగి, కారు అప్పగించేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగడం లేదని వారికి చూపించి, ఆ సంగతి రసీదు మీద రాయించుకోవడం వృథా ఛాదస్తం కాదు. సెన్సరుకు పాత రబ్బరు వాషరే ఉంచేస్తున్నారా, కొత్తది వేస్తున్నారా అని కూడా అడగండి. లోహపు వాల్వు మొదట్లో ఉండే రబ్బరు గ్రామెట్, నట్టు, లోపలి వాల్వు పిన్ను, మూత కలిపి చిన్న కిట్టుగా కొద్ది డాలర్లకే అమ్ముతారు; టైరు విప్పిన ప్రతిసారీ వాటిని మార్చాలన్నది సెన్సరు తయారీదారుల సలహా. రబ్బరు వాల్వైతే మొత్తం వాల్వునే మార్చాలి.

ఇంట్లోనే టైరు విప్పడం

నేలకు బిగించే చేతి టైరు ఛేంజరు వంద డాలర్ల లోపే దొరుకుతుంది. టైరు రాడ్లు, సబ్బు ద్రావణం, కంప్రెసరు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఖర్చు పరంగా మూడు మార్గాల్లోనూ ఇదే చవక, సెన్సరు పరంగా ఇదే ప్రమాదకరం. 15, 16 అంగుళాల ఇనుప రిమ్ములు, ఎత్తైన సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఉన్న టైర్లు, ఒంట్లో కొంత బలం, తొందరలేని ఒక ఆదివారం ఉన్నవారు ప్రయత్నించవచ్చు. సైడ్‌వాల్ కురచగా ఉన్న 45 సిరీస్ (సైడ్‌వాల్ ఎత్తు టైరు వెడల్పులో 45 శాతం) లేదా అంతకంటే తక్కువ టైర్లను, గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లను ఇంట్లో ముట్టుకోవద్దని నా గట్టి సలహా.

సెన్సరు ఎక్కడ ఉందో కంటికి కనబడదు కాబట్టి వాల్వునే గుర్తుగా పెట్టుకోవాలి. చక్రాన్ని పడుకోబెట్టి, వాల్వు గడియారంలో 12 దగ్గర ఉందనుకోండి. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేశాక, టైరు అంచును రిమ్ము నుంచి విడగొట్టే పనిని 6 దగ్గర మొదలుపెట్టి, 3 వైపు, 9 వైపు కొద్దికొద్దిగా జరుగుతూ పోవాలి. 11కూ 1కీ మధ్య మాత్రం అంచును నొక్కి విడగొట్టే ఛేంజరు పార పడనే కూడదు. పార దెబ్బకు టైరు అంచు ఒక్కసారిగా రెండు మూడు అంగుళాలు లోపలికి దిగుతుంది. సరిగ్గా ఆ జాగాలోనే సెన్సరు డబ్బీ ఉంటే దానికి తప్పించుకునే చోటుండదు. సెన్సర్లు విరిగే సందర్భాల్లో మొదటిది ఇదే. చక్రం తిరగేసి రెండో వైపు చేసేటప్పుడు వాల్వు బయటికి కనిపించదు, అందుకే టైరు మీద వాల్వు ఉన్నచోట ముందే సుద్దతో గీత గీసుకోవాలి.

వాల్వు లోహపుదైతే మరో పద్ధతి కూడా ఉంది. చక్రాన్ని పడుకోబెట్టి, గాలి వదిలాక వాల్వు నట్టును విప్పి, సెన్సరును నెమ్మదిగా టైరు లోపలికి జారవిడుస్తారు. పై అంచు విడిపోగానే సందులో చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీసేస్తారు. ఆ తరువాత పని ఎంత మొరటుగా జరిగినా సెన్సరుకు భయం లేదు. తుప్పు పట్టిన నట్టు కదలకపోతే మాత్రం బలప్రయోగం చేయవద్దు. అల్యూమినియం వాల్వు పుటుక్కున విరుగుతుంది.

తరువాతి ఘట్టం రాడ్డుతో అంచును రిమ్ము మీదికి ఎత్తడం. ఇక్కడ చాలామంది వాల్వుకు వీలైనంత దూరంగా మొదలుపెట్టాలనుకుంటారు, అది పొరపాటు. ఒకవైపు అంచును పైకి ఎత్తాలంటే దానికి ఎదురు వైపు అంచు రిమ్ము మధ్యనున్న పల్లంలోకి దిగాలి; మీరు 6 దగ్గర రాడ్డు వేస్తే ఎదురుగా 12 దగ్గర అంచు పల్లంలోకి దిగి సెన్సరును నలిపేస్తుంది. కనుక వాల్వుకు జానెడు దూరంలో, ఇంచుమించు 1 దగ్గర, రాడ్డు వేయాలి. కొన మాత్రమే, అంచును పట్టేంత మేరకే లోపలికి పోవాలి. మోకాలితో 7 దగ్గర అదిమి అక్కడి అంచును పల్లంలోకి దింపాలి. అక్కడినుంచి వాల్వుకు దూరంగా జరుగుతూ పోవాలి. టైరు ఎక్కించేటప్పుడు ఇదే సూత్రం: వాల్వుకు ఎదురు వైపు మొదట దింపి, చివరి మిగులు వాల్వు పక్కన వచ్చేలా చూసుకోవాలి. టైర్ల సబ్బు ధారాళంగా వాడండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రబ్బరును పాడుచేస్తాయి.

సెన్సరు బయట ఉన్నప్పుడు దాన్ని కొంచెంసేపు చూడడం లాభం. గాలి లోపలికి పోయే సూదిమొనంత రంధ్రం ఒకటి దాని ముఖం మీద ఉంటుంది. పంక్చరు కోసం ఎప్పుడో పోసిన ద్రవం అక్కడ గడ్డకట్టి ఉంటే సెన్సరు తప్పు అంకెలు చూపుతుంది. దాన్ని గుడ్డతో తుడవాలే తప్ప సూదితో పొడవకూడదు. వాల్వు పిన్ను మార్చేటప్పుడు నికెల్ పూత ఉన్నదే వేయాలి. సాదా ఇత్తడి పిన్ను అల్యూమినియం వాల్వులో ఉప్పు తేమకు తుప్పుపట్టి పాతుకుపోతుంది, చౌకరకం లోహపు మూతతోనూ అదే బాధ. ప్లాస్టిక్ మూత చాలు. నట్టు బిగింపు సాధారణంగా 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది, మీ సెన్సరు కాగితంలో ఉన్న అంకెనే పాటించండి. చక్రం నట్లకు వాడే పెద్ద రెంచ్ ఈ పనికి పనికిరాదు.

గాలి కొట్టి అంచులను రిమ్ము మీద కూర్చోబెట్టేటప్పుడు పీడనం 40 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటకూడదు. అప్పటికీ అంచు కూర్చోకపోతే గాలి వదిలి, సబ్బు రాసి, మళ్లీ మొదలుపెట్టాలి. క్లిప్పుతో పట్టుకునే పొడవాటి గొట్టం వాడి, టైరు మీదికి వంగకుండా పక్కకు నిలబడాలి. మండే స్ప్రే చల్లి అగ్గిపుల్ల గీసే వీడియోలు చూసి ఆ సాహసం ఎవరూ చేయవద్దు. సెన్సరు సంగతి అటుంచి ప్రాణానికే ముప్పు. చివరికి బ్యాలెన్సింగ్ మిగులుతుంది. నీటిబుడగతో పనిచేసే చేతి బ్యాలెన్సరు చక్రాన్ని ఒక తలంలో మాత్రమే సరిచూస్తుంది కాబట్టి, హైవే మీద స్టీరింగ్ వణికితే ఎలాగూ షాపుకు వెళ్లక తప్పదు. ఆ ఖర్చు కూడా కలుపుకుంటే, ఇంట్లో టైరు విప్పడం వల్ల మిగిలేది చాలామంది అనుకున్నంత ఉండదు. ఒక్క సెన్సరు విరిగినా ఆ మిగులు మరింత తగ్గిపోతుంది.

రాడ్డు పట్టవలసిన సందర్భం ఒకటి ఉంది. సెన్సరు బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది. మీ కారు ఎనిమిదో తొమ్మిదో ఏట ఉండి, సెన్సర్లు ఎలాగూ మార్చవలసినవే అయితే, పని నేర్చుకోవడానికి అంతకంటే తక్కువ నష్టం కలిగించే అవకాశం రాదు.

సెన్సర్లు లేకుండానే చలికాలం గడపడం

రెండో జత రిమ్ముల్లో మామూలు రబ్బరు వాల్వులు పెట్టించి డబ్బు మిగుల్చుకుందామనుకునేవారు కెనడాలో కొందరున్నారు. దీపం కారు స్టార్టు చేసిన ప్రతిసారీ నిమిషం పాటు మినుకుమని ఆ పైన వెలుగుతూనే ఉంటుంది. అమెరికాలోనైతే భద్రతా పరికరాన్ని పనిచేయకుండా చేయడం రిపేరు షాపులకు నిషిద్ధం కనుక, పనిచేస్తున్న సెన్సర్లున్న కారుకు అవి లేని చక్రాలు బిగించడానికి చాలా షాపులు ఒప్పుకోవు. ఆ నిషేధం సొంత కారు మీద పనిచేసుకునే యజమానికి వర్తించదు. అయినా నేను ఈ పొదుపును సమర్థించను: ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోయినప్పుడల్లా టైరులో సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, అంటే గాలి ఎక్కువగా తగ్గే కాలంలోనే హెచ్చరికను ఆపేసుకున్నట్టవుతుంది. సెన్సరున్నా సరే, 33 పీఎస్ఐ ఉండవలసిన టైరు 25 దగ్గరకు జారేదాకా దీపం వెలగదు కనుక నెలకోసారి గేజీతో చూసుకోవడం మానవద్దు.

మంచు మరీ ఎక్కువ పడని ఊళ్లలో ఉండేవారికి టైర్లే మార్చనక్కరలేని దారి ఒకటుంది. సైడ్‌వాల్ మీద కొండ, మంచుపలుకు బొమ్మ ఉన్న ఆల్ వెదర్ టైర్లు ఏడాది పొడవునా వాడవచ్చు. క్యుబెక్ చట్టం కూడా ఆ బొమ్మనే చూస్తుంది. గడ్డకట్టిన మంచు మీద అసలైన చలికాలపు టైరుకు అవి సాటిరావు గాని, ఒహాయో దక్షిణ భాగం వంటి చోట్ల సరిపోతాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి రుతువును బట్టి టైర్లు మార్చే పని లేదు. వారికి ఈ చిక్కు పంక్చరు పడినప్పుడు, టైర్లు అరిగినప్పుడు వస్తుంది. గాలి హెచ్చరిక ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా పరవాలేదని 2020 జులైలో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించిన తరువాత ఈ చిక్కు మరింత మందికి తగిలే అవకాశం ఉంది. రోడ్డును తాకే భాగంలో (ట్రెడ్‌లో) మేకు దిగితే బయటినుంచి తాడు పెట్టే పంక్చరు పనిలో సెన్సరుకు ఏ హానీ లేదు కనుక దాన్ని ఇంట్లో అయినా రోడ్డు పక్కన అయినా నిశ్చింతగా చేయించవచ్చు. టైరు విప్పి లోపల ప్యాచ్ వేయాలంటే మాత్రం, పని మొదలుపెట్టకముందే వాల్వు చూపించి, "అన్నా, దీని లోపల సెన్సరుంది, ఈ వైపు రాడ్డు వేయొద్దు" అని చెప్పి, అంచు విడగొట్టేంతవరకు పక్కనే నిలబడాలి. సెన్సరు లేని పాత కారుకు వాల్వు మూతలా బిగించే సెన్సర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటికి రిమ్ము లోపలి గండం లేదు, కాని పాతబడిన రబ్బరు వాల్వు మీద వాటి బరువు పడుతుంది కనుక కొత్త వాల్వులు వేయించుకున్న తరువాతే బిగించుకోవాలి.